ఒకే జల మీద ఇద్దరు

దేశాలను ఇంటిపక్క మనుషుల్లా పిలిచే ఆయన పోయిన నెల కర్నూలులో, కూతురి ఇంట్లో చనిపోయాడు. ఆయన నోట్లో అమెరికా ఎప్పుడూ ఒట్టి అమెరికా కాదు, అమెరికాయప్ప. అట్లే రష్యాయప్ప, చైనాయప్ప, జపానప్ప. ఇంగ్లండును మాత్రం ముసలాయన అనేవాడు. ఒకప్పుడు నాలుగూళ్ళు ఏలిన ముసలాయన ఇప్పుడు అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను పలకరించుకుంటున్నాడని, పలికినవాళ్ళు పలుకుతున్నారు, లేనివాళ్ళు లేదని చెప్పేవాడు.

కబురు మా ఆడబిడ్డ ఫోన్ చేసి చెప్పింది. "మీ సావుకారు పోయినాడంట వదినా" అంది. పదేళ్ళకు పైగా మేమిద్దరం ఒకే రోడ్డుకు చెరో పక్కన పని చేశాం. నేను సావుకారు ఫ్యాక్టరీలో, ఆమె ఎదురుగా ఉన్న రెడ్డి ఫ్యాక్టరీలో. రెండూ మూతపడి ఏళ్ళయినా మా మాటల్లో ఆయన ఇంకా మీ సావుకారే, ఈయన మీ రెడ్డే.

బేతంచెర్లలో బస్సు దిగగానే ఎవరికైనా ముందు కనిపించేది తెల్లటి బురద. గనిలోంచి తెచ్చిన నాపబండను కోసి, నీళ్ళు పోస్తూ అరగదీసి, నున్నగా మెరిసేట్టు చేసే పాలిష్ ఫ్యాక్టరీలు ఊరి చుట్టూ ఉన్నాయి. ఆ నీళ్ళూ రాతిపొడీ కలిసి బయటికి పారుతుంటాయి. మేం నందికొట్కూరు పక్క నుంచి వచ్చినవాళ్ళం. వానల్లేక చేను బీడు పడితే పెనిమిటితో పాటు ఈ పనికి వచ్చాను. మిషన్ దగ్గర నుంచి బండను మోసుకొచ్చి, కడిగి, తుడిచి, గోడకు ఆనించడం ఆడవాళ్ళ పని. మా చీర కుచ్చెళ్ళు సాయంత్రానికి గట్టిపడి అట్టల్లా శబ్దం చేసేవి.

మధ్యాహ్నం మేం సంగటి ముద్దలు విప్పుకుని షెడ్డు నీడలో కూర్చునే వేళకు సావుకారు ఇంట్లో భోంచేసి వక్క నములుతూ వచ్చేవాడు. సంకలో పేపరు. చెమటకు ఆ పేపరు ఒక పక్క ఎప్పుడూ తడిసే ఉండేది. దారిలో ఆనించిన బండల్ని వేలి కణుపుతో కొడుతూ వచ్చేవాడు. పగులున్న బండ మొద్దు శబ్దం చేస్తుంది. అట్లాంటిది తగిలితే ఆగి, దాని వైపు ఒకసారి జాలిగా చూసి, ముందుకు కదిలేవాడు. చెప్పులు గేటు దగ్గరే వదిలేసేవాడు. మెరుగు పెట్టిన బండ మీద చెప్పుతో నడిచిన మనిషిని ఆయన క్షమించేవాడు కాదు.

బండల దొంతర మీద కూర్చుని పేపరు విప్పేవాడు. సినిమా, క్రికెట్టు, జిల్లా వార్తలు అన్నీ దాటేసి, లోపలి పేజీలో మూలనుండే దేశాల వార్తలకు పోయేవాడు. చదవడం మొదలు పెట్టే ముందు మా చేతులు కడుక్కునే బకెట్లో వేలు ముంచి పక్కనున్న నల్లబండ మీద ప్రపంచాన్ని గీసేవాడు. ఎండకు బండ కాలుతూ ఉండేది. రష్యా గీసేలోపల అమెరికా ఆరిపోయేది. మళ్ళీ తడిపేవాడు. అది తడిపేసరికి చైనా సగం పోయేది. అట్లా చెబుతూ తడుపుతూ, తడుపుతూ చెబుతూ మా అన్నాలు అయిపోయేవి.

మాబున్ని అని మాతో పనిచేసేది. వయసులో మా అందరికన్నా పెద్దది, నోటికి కూడా. ఒకరోజు ఆమె, చైనాయప్పకు పిల్లోళ్ళు ఎంతమంది సామీ అని అడిగింది.

"లెక్కపెట్టనీకి పోయినోళ్ళు ఇంకా తిరిగి రాలేదమ్మీ" అన్నాడు సావుకారు. మాబున్నికి అన్నం పొలమారింది.

ఆయనకు ఒకటే ఆసక్తి. ఒక దేశం ఎట్లా పెద్దదవుతుంది? నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోనిది ఇవాళ అందరూ భయపడేంతగా ఎట్లా ఎదుగుతుంది? ఎవరైనా బిడ్డల గురించి మాట్లాడేటంత ఇష్టంగా దాని గురించి మాట్లాడేవాడు. అమెరికా ఎదిగిన కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. యూరప్‌లో అన్నదమ్ములు రెండుసార్లు తన్నుకున్నారట. సముద్రానికి అవతల కూర్చున్న అమెరికాయప్ప మొదట తగాదాలోకి దిగకుండా సామాన్లు అమ్మాడట, చివర్లో దిగాడట. తగాదా ముగిసేసరికి అన్నదమ్ముల చేతుల్లో కట్టెలు మిగిలాయి, ఈయప్ప చేతిలో అంగడి మిగిలింది. ఆ తర్వాత రష్యాయప్ప ఎదురు నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి ఒకణ్ణి కొట్టినవాళ్ళే. కొట్టాల్సినవాడు పడిపోగానే వీళ్ళిద్దరికీ పడలేదు.

"ఎదుర ఒకడు ఉండల్లమ్మీ" అనేవాడు. "రష్యాయప్ప ఆకాశంలోకి బొంగరం ఇసిరినాడని అమెరికాయప్ప చందమామ మీదికే పాయ. ఎదురోడు లేకుంటే ఇంట్లో పండుకునుండు."

చైనా గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు, ఎవరో వింటారన్నట్టు. ఆ అప్ప తల వంచుకుని పని చేసుకుంటున్నాడని, ఎదురోడి సామాను తెచ్చి విప్పి చూసి అట్లాంటిదే చేస్తున్నాడని, అందుకు సిగ్గుపడడని, సిగ్గుపడేవాడు ఏదీ నేర్చుకోలేడని అనేవాడు. అమెరికా ఇరాక్ మీదికి యుద్ధానికి పోయిన ఏడు మేమంతా బాంబుల గురించి అడుగుతుంటే ఆయన ఇరాక్‌ను గీయనే లేదు. చైనా మీద వేలు పెట్టి, ఈయప్ప ఈ పొద్దు ఏం చేస్తాండాడో పేపరోడు రాయలేదు, అదీ భయం అన్నాడు.

అప్పటికి నాకు అక్షరం రాదు. పొదుపు సంఘంలో వేలిముద్రలు వేసేవాళ్ళకు చదువు చెబుతామని ఒక టీచరమ్మ రావడం మొదలుపెట్టాక, నలభై దాటిన వయసులో పలక పట్టాను. అక్షరాలు కూడి మాటలయ్యాయి, మాటలు నెమ్మదిగా వాక్యాలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఆయన లోపలికి పోయినప్పుడు, దొంతర మీద వదిలేసిన పేపరు తీసి, ఆయన అంతకుముందే చదివిన వార్త కూడబలుక్కుంటూ చదివాను. అమెరికాయప్ప చైనాయప్పతో ఏమన్నాడో, చైనాయప్ప నవ్వి ఏమని బదులిచ్చాడో, అంతసేపు మాకు చెప్పిన మాటల్లో ఒక్కటీ అందులో లేదు. ఇద్దరు మంత్రులు కలుసుకున్నారని మాత్రం ఉంది. ఆయన తిరిగొచ్చాక అడిగేశాను. ఆయనకు కోపం రాలేదు సరికదా, నేను చదివినందుకు ముఖం వెలిగింది.

"ఏం జరిగిందో పేపర్లో ఉంటాది. ఎందుకు జరిగిందో మనమే అనుకోవల్లమ్మీ" అన్నాడు.

ఆ రోజు నుంచి పేపరు చదివే పని నాకిచ్చాడు. నేను తడుముకుంటూ ఏం జరిగిందో చదివేదాన్ని. ఎందుకు జరిగిందో ఆయన చెప్పేవాడు.

రెడ్డి గురించి ఇప్పుడు చెప్పాలి. ఆయన లేకుండా సావుకారు బొమ్మ సగమే. పొలాల పక్క కొట్టాల్లో పుట్టి పెరిగిన రైతుబిడ్డ రెడ్డి. బావికోసం తవ్వితే పొలంలో బండ బయటపడింది. సావుకారుది అంగడి పెట్టుకుని బతికిన కుటుంబం. సరుకు ఎక్కడ ఎవరికి కావాలో ఆయనకు తెలుసు. ఇద్దరూ కలిసి మొదటి ఫ్యాక్టరీ పెట్టారు. ఒకే చెంబుతో నీళ్ళు తాగేవాళ్ళట. ఫ్యాక్టరీ నిలదొక్కుకున్నాక గేటుకు బోర్డు పెట్టాలనుకున్నారు. అందులో ఎవరి పేరు ముందు ఉండాలి? దానిమీద విడిపోయారు. వినేవాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వాను. కానీ పెయింటరు బోర్డు మీద తెల్లరంగు పూసి రెండు రోజులు అట్లే కాచుకుని కూర్చున్నాడని, ఆ ఒట్టి బోర్డు చాలా కాలం సావుకారు షెడ్డు వెనకాల పడి ఉండేదని కళ్ళారా చూసిన మాబున్ని చెప్పింది. రెడ్డి రోడ్డుకు అటుపక్కన సొంత ఫ్యాక్టరీ కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ ఎదిగారు. అది నిజం, చెప్పకపోతే అన్యాయం. రెడ్డి బండ అంచులు గుండ్రంగా తిప్పే మిషన్ తెచ్చాడు, నెల తిరక్కుండా సావుకారు అంతకన్నా మంచిది తెచ్చాడు. సావుకారు బెంగళూరులో కొనేవాళ్ళను పట్టాడు, రెడ్డి పోయి మద్రాసులో పట్టాడు. కడప వైపు ఎర్రగుంట్ల బండల వాళ్ళకు పోయే బేరాలు కూడా మా రోడ్డు మీదికి మళ్ళాయి. రెడ్డి తన దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు ఉగాదికి చీరలు పెడితే, సావుకారు చీరతో పాటు కందిబేడలు ఇచ్చాడు. మరుసటేడు అటుపక్క చీర, బేడలు, బెల్లం వచ్చాయి. నేనూ ఆడబిడ్డా ఎవరికేం వచ్చిందో పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్ళం. ఈ రోడ్డు మీద ఇంకొకడు మూడో ఫ్యాక్టరీ పెడితే మనకు చెవికమ్మలు కూడా వస్తాయని మాబున్ని అనేది.

గేటు పక్కన వేసుకున్న సావుకారు కుర్చీ ఎప్పుడూ రోడ్డు వైపే తిరిగి ఉండేది. కరెంటు పోయి వచ్చినప్పుడు తన మోటారు కన్నా ముందు ఎదురు మోటారు శబ్దం కోసం చెవి పెట్టేవాడు. రెడ్డి రెండు రోజులు కనపడకపోతే, జ్వరమేమో కనుక్కోమని నన్ను మెల్లగా అడిగేవాడు. నేను ఆడబిడ్డను అడిగి చెప్పేదాన్ని. జ్వరమే అంటే, మంచి డాక్టరు దగ్గరికి పోయినాడా లేదా అనేవాడు.

అప్పుడు వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయి. పాలిష్‌కు నీళ్ళు లేకపోతే బండ కాలిపోతుంది, మిషన్ చెడిపోతుంది. రెండు ఫ్యాక్టరీల బోర్లూ మధ్యమధ్యలో గాలి పీల్చడం మొదలుపెట్టాయి. సావుకారు రాయచోటి పక్క నుంచి జల చూసే ముసలాయన్ను పిలిపించాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తాడు. కింద జల ఉన్నచోట టెంకాయ నిక్కి నిలబడుతుందని నమ్మకం. ఆయన మా షెడ్డు వెనక మొదలుపెట్టి నడుస్తూ నడుస్తూ గేటు దాటాడు, రోడ్డు దాటాడు, ఎవరూ పిలవకుండానే రెడ్డి గేట్లోకి పోయాడు. టెంకాయ పడుకోలేదు. వెనక్కి వచ్చి, మీ ఇద్దరి కిందా పారేది ఒకే జల సామీ అన్నాడు.

ఆ మాట రెండు పక్కలా విన్నారు. ఒకే జల అంటే కలిసి వాడుకోవాలని మాకు అర్థమయింది. లోతుకు పోయినవాడిదే జల అని వాళ్ళకు అర్థమయింది. వారంలో రెడ్డి ఇంకొక బోరు వేయించాడు. సావుకారు దానికన్నా లోతుగా వేయించాడు. రెడ్డి పాతదాన్నే ఇంకా దింపించాడు. బోరుబండి రోడ్డుకు ఈ పక్కన కొన్నాళ్ళు, ఆ పక్కన కొన్నాళ్ళు ఉండేది. అది వచ్చిన రోజు దుమ్ముకు మేమంతా పిండి జల్లుకున్నట్టు ఉండేవాళ్ళం.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆయన మాకు రష్యాయప్ప ఎట్లా పడిపోయాడో చెప్పాడు. అమెరికాయప్ప ఒక ఆయుధం చేస్తే తానూ ఒకటి, ఆయన రెండు చేస్తే తానూ రెండు. చివరికి ఇంట్లో పిల్లలు రొట్టె కోసం వరసలో నిలబడితే, రష్యాయప్ప మాత్రం ఎదురింటి గోడ ఎంత ఎత్తు లేచిందో చూసుకుంటూ కూర్చున్నాడట. చెప్పి తల అడ్డంగా ఊపాడు, పాపం అన్నాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా బోరుబండి గేట్లోకి తిరిగింది. సావుకారు వేలు తడిబండ మీద అట్లే నిలిచిపోయింది. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. మాబున్ని నా వైపు చూసింది. నేను సంగటి ముద్ద వైపు చూసుకున్నాను.

మరుసటి ఏడు ఒక పొద్దున ఆయన తువ్వాలలో చుట్టుకుని ఏదో తెచ్చాడు. పసిబిడ్డను పెట్టినట్టు మా మధ్య పెట్టి విప్పాడు. పలక, కానీ పలక కాదు. అద్దంలా మెరుస్తోంది. నాలుగు పక్కలా కొలిచి కోసినట్టుంది. హైదరాబాదులో మనకు బేరమిచ్చే ఆయన ఇక బండలొద్దని చెప్పి, కారణం చూడమని ఈ టైలును చేతిలో పెట్టాడట. సావుకారు దాన్ని కణుపుతో కొట్టాడు. కంచులా మోగింది. ఇంకోసారి కొట్టాడు.

"చూడండమ్మీ, చైనాయప్ప. ఇన్నాళ్ళూ యాడనో ఉండాడనుకుంటిమి. మన ఊరికే వచ్చినాడు" అన్నాడు.

ఒక్కొక్కరం చేతిలోకి తీసుకుని చూశాం. బరువు లేదు. బండ మోసి మోసి వంగిన నడుములు మావి. ఇది చీర కొంగులో కట్టుకుని పోవచ్చు. ఎవరికీ నవ్వు రాలేదు. మాబున్నికి కూడా.

ఆ నెలలోనే రెడ్డి నన్ను పిలిచాడు. మంచినీళ్ళకు మేము అటుపక్క కుళాయికే పోయేవాళ్ళం, దానికెవరూ అడ్డం చెప్పలేదు. బిందె నింపుకుంటుంటే రెడ్డి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు.

"అమ్మీ, మీ సావుకారుకు ఒక మాట చెప్పు. ఇద్దరం ఇట్లే తవ్వుకుంటా పోతే నీళ్ళు ఇద్దరికీ ఉండవు. ఒక బోరే ఉంచుకుందాం. టైల్సు ముందర నిలబడల్లంటే పెద్ద మిషన్ కావల్ల, అదీ ఒకటే తెచ్చుకుందాం. బోర్డు మీద ఆయన పేరే ముందు వేసుకోమను."

బిందె అక్కడే పెట్టి వచ్చేశాను. మా రెండు పక్కల ఆడవాళ్ళ పని ఆ ఒక్క మాట మీద ఉందని నాకు తెలుసు. సావుకారు కుర్చీలో ఉన్నాడు. మాట పొల్లుపోకుండా చెప్పాను. నీళ్ళ గురించీ మిషన్ గురించీ విన్నాడు. చివరి మాట దగ్గర తలెత్తాడు.

"నా పేరే ముందనినాడా?"

"అవును సామీ."

"ఆ మాట ఆయనే అనినాడా, నువ్వు కలిపినావా?"

"ఆయనే సామీ."

సావుకారు ముఖంలో ఏదో మెత్తబడింది. లేవబోయాడు కూడా, చెప్పుల కోసం కాలు సాచాడు. రోడ్డు దాటితే పది అడుగులు. నేను పక్కకు తొలిగాను. ఆ కాలు చెప్పులో పెట్టకముందే ఆయనకు ఆలోచన వచ్చింది. అది వస్తుండగా నేను చూశాను. ఇన్నేళ్ళూ మాకు చెప్పిన దేశాలన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి.

"ఎందుకిస్తాండాడు?" అన్నాడు, నన్ను కాదు. "బలముండేటోడు పేరు వదులుకోడు. రెడ్డి బోరు అయిపోయింటాది. అమెరికాయప్ప ఆ పొద్దు ఇంకొక్క అడుగు నొక్కినాడు, రష్యాయప్ప పడిపాయ. సంధికి వచ్చినోడు సగం పడినోడే."

నేను ఏం చెప్పమంటారని అడిగాను. ఏమీ చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే అదే తెలుస్తుందన్నాడు. మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

రెండు రోజులకు బోరుబండి మా గేట్లోకి వచ్చింది. ఇంతవరకు ఎవరూ పోనంత లోతుకు పోయింది. నీళ్ళు పడ్డాయి. పైపులోంచి ఎగజిమ్మితే సావుకారు పంచె తడుపుకుంటూ దాని కింద నిలబడ్డాడు, కళ్ళద్దాలు కూడా తీయలేదు. మేమూ సంతోషపడ్డాం, పని నిలిచింది కదా అని. ఆ వారంలోనే ఎదురు మోటారు గొంతు బొంగురుపోయింది, తర్వాత ఆగింది. రెడ్డి గేటు మూసేశాడు. మా ఆడబిడ్డ ఆ రోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి గడపలో కూర్చుంది. నేను కాఫీ కలిపి ఇచ్చాను. నా చేతుల్లో నీళ్ళ తడి ఇంకా ఆరలేదు.

సావుకారు గెలిచాడు. ఆ గెలుపు ఆయనను ఏం చేసిందో నేను దగ్గర నుంచి చూశాను. అటుపక్క వాళ్ళలో కొందరిని పనిలోకి తీసుకున్నాడు, అందరినీ తీసుకోలేకపోయాడు. కుర్చీ రోడ్డు వైపే ఉండేది కానీ చూడడానికి అక్కడ ఏమీ లేదు. కరెంటు వచ్చినప్పుడు అలవాటుగా చెవి పెట్టేవాడు. కొత్త మిషన్ తెస్తానన్నవాడు తేలేదు. పగిలిన బండలు లారీ ఎక్కిపోతున్నా ఆపేవాడు కాదు. పేపరు నేను చదివితే వినేవాడు, ఎందుకు జరిగిందో మాత్రం చెప్పేవాడు కాదు. ఒకసారి మాబున్ని ఉండబట్టలేక, అమెరికాయప్ప ఇప్పుడొక్కడే కదా సామీ, ఏం చేస్తాండాడు అని అడిగింది. ఈగలు తోలుకుంటాండాడేమోలే అన్నాడు సావుకారు.

వచ్చిన ఎండాకాలానికి ఆ లోతు బోరు బురద కక్కింది. అప్పటికే బేరాలు సగమయ్యాయి. ఇల్లు కట్టుకునే ప్రతివాడూ టైల్సే అడుగుతున్నాడు. ఇంకా లోతుకు పోదామని బోరు మేస్త్రీ అంటే సావుకారు వద్దన్నాడు. ఎవరితో పోటీగా పోవాలి?

మూసిన రోజు మేమంతా బట్టలు దులుపుకుని బయటికి వస్తుంటే నన్ను ఆగమన్నాడు. అందరూ పోయేదాకా చూశాడు.

"ఆ పొద్దు నువ్వు ఇంకొకసారి చెప్పుండల్లమ్మీ. రెడ్డి మాట. ఇంకొకసారి చెప్పుంటే పోతాంటినేమో" అన్నాడు.

"నేను మాట మోసేదాన్ని సామీ, చెప్పేదాన్ని కాదు" అన్నాను.

తల ఊపాడు. అందులో కోపం లేదు. గేటు తాళం ఆయనే వేశాడు. ఆ తర్వాత కూతురి దగ్గరికి కర్నూలు పోయాడు. నేను పత్తి చేలకు పోయాను. ఆయనను మళ్ళీ చూడలేదు.

కబురు తెలిశాక నేనూ ఆడబిడ్డా పొద్దున బస్సుకు కర్నూలు పోయాం. ఇంటి ముందు షామియానా వేశారు. లోపల ఆయనను చూసి వచ్చాం. గడ్డం నున్నగా చేశారు, మరెవరిలానో ఉన్నాడు. బయట కుర్చీల వరసలో చివర రెడ్డి కూర్చుని ఉన్నాడు. కొడుకు పెట్టిన ఎరువుల అంగట్లో ఉంటున్నాడని విన్నాం. మమ్మల్ని చూసి పక్క కుర్చీలు చూపించాడు. మేం కూర్చున్నాం. తర్వాత అడక్కుండానే మొదలుపెట్టాడు.

"నేను నీతో మాట పంపిన పొద్దు, మధ్యాన్నానికే బోరుబండోడికి ఫోన్ చేసి పెట్టుకున్యా. ఆయన కాదంటే నేనే ముందు లోతుకు పోదామని. బండి నా గేట్లోకి వస్తాదనుకుంటే మీ గేట్లోకి పాయ. ఆయన నాకన్నా ఒక గంట ముందే మాట్లాడి పెట్టుకుండాడు."

మా ఆడబిడ్డ కుర్చీ ఆయన వైపు జరుపుకుంది.

"ఆయన సరేనంటే మాట నిలబెట్టుకుందునా అని శానాసార్లు అనుకుంటా. పేరు ముందు వేసుకోమన్నా కదా, దాన్ని నేను రోజూ చూస్తా ఓర్చుకుందునా? తెలీదు. అది తెలుసుకోనీకి ఒక్క పొద్దు కూడా దొరకలేదు మాకు."

ఇన్నేళ్ళూ తప్పు సావుకారుదే అనుకున్నాను. ఆ కాలు వెనక్కి తీసుకోకపోతే అన్నీ బాగుండేవని ఎన్ని రాత్రులు అనుకున్నానో. ఇప్పుడు అది కూడా చేతిలో లేదు.

"మీరిద్దరూ ఒకరినొకరు చూసుకుంటా కూర్చుంటిరి రెడ్డెప్పా" అన్నాను. "రెండు పక్కలా బండలు మోసినోళ్ళం మేము వదినా మరదళ్ళం. ఒక్కసారి పిలిచి మమ్మల్ని అడగలేదు."

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "అడిగింటే ఏం చెప్పుందురు?" అన్నాడు.

నేను ఆడబిడ్డ వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. ఎవరూ అడగలేదు కాబట్టి మేమూ ఎప్పుడూ అనుకోలేదు. అదే చెప్పాను. లోపల ఏడుపులు పెరిగాయి, శవాన్ని లేపుతున్నారు. రెడ్డి లేచి పోయాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆడబిడ్డ, ఇవతల నేను. ఊరు దాటాక ఆమె, ఒక్క బోరు చాలును వదినా అంది. చాలును అన్నాను. దినం విడిచి దినం నడుపుకోవచ్చు, ఒక పొద్దు ఈ పక్క మిషన్లు, ఒక పొద్దు ఆ పక్క. పని లేని పొద్దు ఆ పక్క ఆడవాళ్ళు ఈ పక్కకు వచ్చి కడగొచ్చు, అప్పుడు ఎవరి కూలీ పోదు. బురదనీళ్ళు గుంటలో తేర్చుకుంటే మళ్ళీ వాడుకోవచ్చు. ఒకరు ఒకటంటే ఒకరు ఇంకొకటి కలుపుతూ పోయాం. ఇంత సులభమా అని నాకు ఏడుపు వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

అయితే మొదటి పొద్దు ఎవరిది అన్నాను నేను. మాదే, కలుపుకుందామని ముందు అడిగింది మా రెడ్డే కదా అంది ఆడబిడ్డ. బోరు మా గేట్లో ఉండాదమ్మీ, నీళ్ళు మాయి, మొదటి పొద్దు మీకెట్లా ఇస్తామని అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆమె చెయ్యి వదిలేసింది. మీ సావుకారు బుద్ధే నీకూ వచ్చింది అని కిటికీ వైపు తిరిగింది.

ఓర్వకల్లు రాళ్ళు దాటినా ఇద్దరం పలకలేదు. తాళాలు పడిన రెండు ఫ్యాక్టరీలకు, లేని నీళ్ళ దగ్గర, నేను ఇటు చూస్తూ, ఆమె అటు చూస్తూ కూర్చున్నాం.